ఆర్ట్ పంక్ చిన్న రికార్డులు

1970ల రెండో సగంలో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కొన్ని రాక్ బృందాలు రెండు, మూడు, మహా అయితే ఆరేడు పాటలతో పొట్టి రికార్డులు వేశాయి. కొందరు సొంత డబ్బు పెట్టారు, కొందరు అప్పు తెచ్చారు, కొందరికి ఒకరిద్దరు నడిపే చిన్న లేబుళ్లు చేయూతనిచ్చాయి. గిటారు గట్టిగా వాయించడం, పాట త్వరగా ముగించడం, పెద్ద కంపెనీని అనుమానంగా చూడటం వీళ్లకు పంక్ నుంచి వచ్చాయి. చిత్రకళ కళాశాలలు, రాజకీయ సిద్ధాంత చర్చలు, ప్రయోగ సంగీతం వాటికి తోడయ్యాయి. అలా పుట్టిన ధోరణికి విమర్శకులు ఆర్ట్ పంక్ అని పేరు పెట్టారు. దీని హద్దులు కచ్చితంగా గీయలేం. ఒకే బృందాన్ని ఒకరు ఆర్ట్ పంక్ అంటే మరొకరు పోస్ట్ పంక్ అంటారు. ఈ ధోరణిలో మొదటి సంచలనాలు ఎక్కువగా పెద్ద ఆల్బముల్లో కాక చిన్న రికార్డుల్లోనే వినిపించాయి. పుట్టుక తెలియాలంటే వాటి దగ్గరికే వెళ్లాలి.

పళ్లెం కొలత, పాట కొలత

తెలుగువాళ్లకు పొట్టి రికార్డు కొత్త కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. రంగస్థలం మీద ఒక్క పద్యాన్ని రాగం తీసి, వన్స్ మోర్ల మధ్య ఎంతసేపైనా పాడే నటులు గ్రామఫోను కోసం ఆ రాగాన్ని కుదించుకున్నారు. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల పాడిన రికార్డులు ఇంటింటా మోగింది ఆ కొలతలోనే. పల్లవి, చరణాలు కలిపి మూడు నాలుగు నిమిషాల్లో తేలిపోయే సినిమా పాట నిడివి స్థిరపడటంలోనూ ఆ పళ్లేనికి వాటా ఉంది.

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ 33 చుట్ల లాంగ్ ప్లే రికార్డు తెచ్చింది. మరుసటి ఏడు ఆర్‌సీఏ విక్టర్ 45 చుట్ల ఏడంగుళాల రికార్డుతో పోటీకి దిగింది. 1950ల మొదట్లో అదే ఏడంగుళాల పళ్లెంలో గాడులను మరింత దగ్గరగా చెక్కి, వైపుకు ఏడు నిమిషాల దాకా పట్టేలా చేశారు. అదే ఎక్స్‌టెండెడ్ ప్లే, అందరి నోటా ఈపీ. సినిమా పాటలు నాలుగేసి చొప్పున వేసిన హెచ్ఎంవీ, కొలంబియా ఈపీలు తెలుగు నాట, కన్నడ నాట ఇళ్లలో ఇప్పటికీ కొన్నిచోట్ల దొరుకుతాయి.

ఇందులో ఒక సాంకేతిక విషయం గమనించాలి. ధ్వని ఎంత గట్టిగా చెక్కితే గాడికి అంత చోటు కావాలి. వైపుకు ఎక్కువ నిమిషాలు కుక్కితే గాడులు ఇరుకై శబ్దం పలచబడుతుంది. తక్కువ నిమిషాలు, ఎక్కువ వేగం అయితే డ్రమ్ము దెబ్బ, బేస్ గిటారు బరువు నిండుగా వస్తాయి. గట్టిగా, క్లుప్తంగా వాయించేవాళ్లకు చిన్న పళ్లెం చౌక కావడమే కాదు, వాళ్ల సంగీతానికి అచ్చంగా సరిపోయింది కూడా.

స్పైరల్ స్క్రాచ్

ఈ కథలో అందరూ తలుచుకునే రికార్డు మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ వేసిన స్పైరల్ స్క్రాచ్. బోల్టన్ సాంకేతిక విద్యాసంస్థలో చదువుకున్న హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ 1976 జూన్‌లో సెక్స్ పిస్టల్స్ బృందాన్ని పిలిపించి మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో కచేరీ పెట్టించారు. ఆ ఏడాది డిసెంబర్ 28న తమ బృందంతో ఇండిగో స్టూడియోకి వెళ్లి కొన్ని గంటల్లో నాలుగు పాటలు రికార్డు చేశారు. నిర్మాత మార్టిన్ హానెట్. తర్వాత జాయ్ డివిజన్ ఆల్బములతో పేరు పొందినవాడు ఇతనే. ఖర్చుకు కావలసిన 500 పౌండ్లు అప్పు. అందులో సగం షెల్లీ తండ్రి ఇచ్చాడు. న్యూ హార్మోన్స్ అని సొంత లేబుల్ పేరు పెట్టుకుని, 1977 జనవరి చివర్లో మొదటి విడతగా 1000 కాపీలు వేశారు. అవి అమ్ముడుపోయాక మళ్లీ వేశారు, మళ్లీ వేశారు. చివరికి 16,000 దాకా వెళ్లాయి.

అమ్మకాల కంటే అట్ట వెనక అచ్చేసిన సమాచారం విలువైనదని నా అభిప్రాయం. ఏ పాట ఎన్నో ప్రయత్నంలో కుదిరిందో, తర్వాత దాని మీద ఏ వాయిద్యం అదనంగా కలిపారో అక్కడ రాశారు. అంతకుముందు రికార్డు తయారీ శ్రోతకు తెరచాటు వ్యవహారం. పేరున్న స్టూడియో, ఖరీదైన యంత్రాలు, ఎవరో నిపుణులు అంటూ దూరం నుంచి చూసేవాడు. ఈ అట్ట చదివిన కుర్రాడికి అది ఒక పూటలో తేలిపోయే పని అని అర్థమైంది. బోర్‌డమ్ అనే పాటలో గిటారు సోలో మొత్తం రెండే స్వరాలు, అవే మళ్లీ మళ్లీ. వాయించడం రాక అలా చేశారనుకుంటే పొరపాటు. ఆ కాలపు రాక్ సంగీతంలో సోలో అంటే వేళ్ల విన్యాసం, ఎంత పొడవైతే అంత గొప్ప. ఆ విన్యాసం మొత్తాన్నీ తీసేసి, విసుగు గురించిన పాటలో విసుగునే వినిపించారు. ఆర్ట్ పంక్ అంటే ఏమిటని అడిగినవాళ్లకు ముందుగా వినిపించదగ్గది ఇదే.

రికార్డు వచ్చిన కొద్ది వారాలకే డెవోటో బృందాన్ని వదిలి మ్యాగజైన్ అనే కొత్త బృందం కట్టాడు. షెల్లీ నాయకత్వంలో మిగిలినవాళ్లు పెద్ద సంస్థతో ఒప్పందం చేసుకుని ప్రేమ పాటల దారి పట్టారు.

లెక్కలు అచ్చేసినవాళ్లు

అదే 1977లో లండన్‌లో డెస్పరేట్ బైసికిల్స్ అనే బృందం 153 పౌండ్లతో తొలి రికార్డు వేసింది. రెండు పాటలూ రెండు వైపులా ఒకేలా అచ్చయ్యాయి. వాళ్ల పాటల్లోనూ అట్టల మీదా ఒకటే పోరు: ఇది సులువు, చవక, మీరూ చేయండి.

ఆ మాట పట్టుకుని ముందుకు వెళ్లినవాళ్లలో స్క్రిట్టి పొలిట్టి ముఖ్యులు. లీడ్స్‌లో చిత్రకళ చదివిన గ్రీన్ గార్ట్‌సైడ్, మిత్రులతో కలిసి లండన్ కామ్‌డెన్ ప్రాంతంలో ఖాళీ ఇంట్లో కాపురం పెట్టి, మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంసీని చదువుతూ, రాత్రుళ్లు వాదించుకుంటూ పాటలు కట్టాడు. 1978 చివర్లో వచ్చిన వాళ్ల తొలి రికార్డు స్కాంక్ బ్లాక్ బొలోన్యా. రెగ్గే లయ, విరిగిన గిటారు, ఏ క్షణాన తడబడుతుందో అనిపించే నడక, ఇటలీలో కమ్యూనిస్టుల కోటగా పేరుపడిన నగరం పేరు. దాని అట్ట మీద స్టూడియోకి ఎంత, మాస్టర్ చెక్కడానికి ఎంత, పళ్లేలు ఒత్తడానికి ఎంత, లేబుళ్లకు ఎంత అని పద్దులు విడివిడిగా అచ్చేశారు. ఫోన్ చేయవలసిన నంబర్లూ ఇచ్చారు. పాటను సరుకుగా అమ్మే వ్యాపారాన్ని విమర్శిస్తూ పాడటం ఒక ఎత్తు. ఆ సరుకు అసలు ధర కొనేవాడి చేతిలో పెట్టడం మరో ఎత్తు, నా దృష్టిలో అదే ఎక్కువ ధైర్యం.

ఇవన్నీ జనానికి చేరడానికి రెండు తోవలు ఉండేవి. ఒకటి, 1976లో జెఫ్ ట్రావిస్ లండన్‌లో తెరిచిన రఫ్ ట్రేడ్ దుకాణం. చిన్న రికార్డులు నేరుగా తీసుకుని అమ్మడం, ఇతర ఊళ్ల దుకాణాలకు పంపడం దాని పని. కొంతకాలానికి అదే పేరుతో లేబుల్ కూడా వచ్చింది. రెండోది బీబీసీ రేడియో 1లో రాత్రి పూట జాన్ పీల్ కార్యక్రమం. ఊరూపేరూ లేని బృందం పంపిన రికార్డును దేశమంతా వినేలా వేసేవాడు. ఈ రెండూ లేకపోతే ఆ వెయ్యి కాపీలు మంచాల కిందే ఉండిపోయేవి.

లీడ్స్ కుర్రాళ్లు

బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వ గ్రాంట్లతో నడిచిన చిత్రకళ కళాశాలలు రాక్ సంగీతానికి పెద్ద నర్సరీలు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగానికి అప్పట్లో మార్క్సిస్టు కళాచరిత్రకారుడు టి.జె. క్లార్క్ ఆచార్యుడు. ఆ విభాగం నుంచే మెకాన్స్, గ్యాంగ్ ఆఫ్ ఫోర్ రెండూ వచ్చాయి. గ్యాంగ్ ఆఫ్ ఫోర్‌లో జాన్ కింగ్ పాడేవాడు, ఆండీ గిల్ గిటారు, డేవ్ అలెన్ బేస్, హ్యూగో బర్నమ్ డ్రమ్స్. వాళ్ల తొలి రికార్డు డ్యామేజ్డ్ గూడ్స్ 1978లో ఎడిన్‌బరో లేబుల్ ఫాస్ట్ ప్రాడక్ట్ నుంచి మూడు పాటలతో వచ్చింది. ఆ లేబుల్ నడిపిన బాబ్ లాస్ట్ సంగీతాన్ని సరుకుగానే చూపిస్తూ, ఆ చూపించడంలోనే ప్రశ్న పెట్టే మనిషి. అట్ట ఎలా ఉండాలో వివరిస్తూ బృందం అతనికి ఒక ఉత్తరం రాసింది. ఎద్దుతో పోరాడే స్త్రీ ఉన్న పత్రికా చిత్రం, దాని కింద ఏం రాయాలో సూచనలు అందులో ఉన్నాయి. లాస్ట్ ఆ సూచనలు పాటించే బదులు ఉత్తరాన్నే అట్ట వెనక అచ్చేశాడు.

ఆ మూడు పాటలు ఈనాడు విన్నా చెవికి కొత్తగానే ఉంటాయి. గిల్ గిటారు తీగను సాగనివ్వడు. ముక్కలు ముక్కలుగా, పొడిగా, చివుక్కుమనేలా కొట్టి ఆపేస్తాడు. అతను ఆపిన చోట బేస్, డ్రమ్ములు డ్యాన్సు పాటలా ఊపు తీసుకుంటాయి. గిటారు ముందు, తాళం వెనక అనే రాక్ మర్యాద ఇక్కడ లేదు. గొంతు, గిటారు, బేస్, డ్రమ్ములు నాలుగింటికీ సమాన హక్కు. లవ్ లైక్ ఆంత్రాక్స్ పాటలో రెండు గొంతులు ఒకేసారి వినిపిస్తాయి. ఒకటి పాడుతుంటే ఇంకొకటి మాట్లాడుతుంది. రెంటినీ ఒక్కసారి పూర్తిగా పట్టుకోవడం శ్రోతకు సాధ్యం కాదు, దేన్ని వినాలో తనే ఎంచుకోవాలి. చిత్రకళలో కొలాజ్ చేసే పనిని వాళ్లు చెవికి చేశారు.

ఆ తర్వాత వాళ్లు ఈఎంఐలో చేరి 1979లో ఎంటర్‌టైన్‌మెంట్ ఆల్బం చేశారు. అదే ఏడు బీబీసీ టెలివిజన్‌లో టాప్ ఆఫ్ ది పాప్స్ కార్యక్రమానికి వెళ్లినప్పుడు పాటలో ఒక మాట మార్చమన్నారు. ఒప్పుకోకుండా బయటికి వచ్చేశారు. దేశం మొత్తం చూసే అవకాశం అలా పోయింది. వాళ్ల పాటలు నమ్మినవాళ్లకు మాత్రం ఆ నిర్ణయం ఎంతో గౌరవం కలిగించింది.

లీడ్స్ నుంచే వచ్చిన డెల్టా ఫైవ్ రెండు బేస్ గిటార్లతో 1979లో రఫ్ ట్రేడ్‌కు తొలి రికార్డు చేసింది. అదే ఏడు, అదే లేబుల్ నుంచి లండన్ స్త్రీల బృందం రెయిన్‌కోట్స్ మూడు పాటల రికార్డు తెచ్చింది. వయొలిన్ అందులో తియ్యగా పలకదు, గీరుతుంది. లయ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ సాగుతుంది. జ్యూరిక్‌లో క్లీనెక్స్ అనే స్త్రీల బృందం నాలుగు పాటలతో మొదలై, ఆ పేరు గల కాగితపు రుమాళ్ల కంపెనీ వ్యాజ్యం వేస్తానంటే లిలిపుట్ అని పేరు మార్చుకుంది. పెద్ద కంపెనీల గుమ్మాల దగ్గర ఆగిపోయిన ఆడపిల్లలకు చిన్న రికార్డు తలుపు తీసిందని ఈ మూడు బృందాల సంగతి చెబుతుంది. ఆర్ట్ పంక్ చరిత్రలో వీళ్లను అనుబంధంగా చేర్చే అలవాటు తగదు. సంగీతపరంగా అందరికంటే దూరం వెళ్లింది వీళ్లే.

ఇక్కడ వైర్ బృందం ప్రస్తావన తప్పదు. కోలిన్ న్యూమన్ వాట్‌ఫర్డ్ కళాశాల విద్యార్థి, బ్రూస్ గిల్బర్ట్ అక్కడే సాంకేతిక సహాయకుడు. 1977 చివర్లో వచ్చిన వాళ్ల పింక్ ఫ్లాగ్ పెద్ద రికార్డే అయినా 35 నిమిషాల్లో 21 పాటలు. ఒకటి 28 సెకన్లలో అయిపోతుంది. చెప్పవలసిన మాటలు అయిపోగానే పాట ఆపేయడం వాళ్ల నియమం. ఈ పొదుపు సముద్రం దాటి కాలిఫోర్నియాలో ఒక ఓడరేవుకు చేరింది.

అమెరికాలో

అమెరికాలో మొదటి అడుగు ఇంకా ముందే పడింది. క్లీవ్‌లాండ్‌లో పెర్ ఊబు బృందం 1975 చివర్లోనే సొంత లేబుల్ మీద తొలి రికార్డు వేసింది. అప్పటికి పంక్ అనే మాట ఇంకా జనంలోకి రాలేదు. అదే ఒహాయో రాష్ట్రంలో, 1970లో నేషనల్ గార్డ్ కాల్పుల్లో విద్యార్థులు చనిపోయిన కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి డీవో బృందం వచ్చింది. మనిషి ముందుకు కాక వెనక్కి పరిణమిస్తున్నాడనే వాళ్ల సిద్ధాంతానికి ఆ కాల్పులు మూలం. 1977లో తొలి రికార్డును వాళ్లూ సొంతంగానే వేశారు.

బోస్టన్ బృందం మిషన్ ఆఫ్ బర్మా 1981లో ఆరు పాటలతో సిగ్నల్స్, కాల్స్ అండ్ మార్చెస్ తెచ్చింది. ఇది పన్నెండంగుళాల ఈపీ. ఈ బృందంలో నాలుగో సభ్యుడు మార్టిన్ స్వోప్ వేదిక మీద కనిపించేవాడు కాదు. శబ్ద నియంత్రణ బల్ల దగ్గర కూర్చుని, మిగతా ముగ్గురూ వాయిస్తున్నదాన్ని అప్పటికప్పుడు టేపు మీదికి ఎక్కించి, మార్చి, తిరిగి వాళ్ల పాటలోకే వదిలేవాడు. గిటారు వాద్యకారుడు రోజర్ మిల్లర్‌కు చెవుల్లో హోరు ముదరడంతో 1983లో బృందం ఆగిపోయింది. 2002లో మళ్లీ కలిశారు.

అయితే పొట్టి పాటను అందరికంటే గాఢంగా ప్రేమించినవాళ్లు లాస్ ఏంజెలెస్ దక్షిణాన ఉన్న సాన్ పెద్రో ఓడరేవు కుర్రాళ్లు, మినిట్‌మెన్. డి. బూన్, మైక్ వాట్ చిన్ననాటి స్నేహితులు, శ్రామిక కుటుంబాల పిల్లలు. జార్జ్ హర్లీ డ్రమ్స్. వైర్ రికార్డు విన్నాక పాటలో పల్లవి మళ్లీ రావాలనే నియమం లేదని వాళ్లకు తోచింది. 1980 చివర్లో వచ్చిన పారనాయిడ్ టైమ్ రికార్డులో ఏడు పాటలు, అన్నీ కలిపి ఆరున్నర నిమిషాలు. బ్లాక్ ఫ్లాగ్ గిటారిస్టు గ్రెగ్ గిన్ నడిపిన ఎస్ఎస్‌టీ లేబుల్‌కు అది రెండో విడుదల. మూడో ప్రపంచ యుద్ధం భయం కూడా ఆ ఆరున్నర నిమిషాల్లోకి వచ్చింది. పొదుపుగా పనిచేయడం వాళ్లకు ఒక జీవన పద్ధతి: సొంత వ్యాన్, సొంత చేతులతో సామాన్ల మోత, స్టూడియో చవకగా దొరికే వేళ రికార్డింగు. 1985 డిసెంబర్‌లో వ్యాన్ ప్రమాదంలో బూన్ 27 ఏళ్లకే చనిపోయాడు. బృందం అక్కడితో ముగిసింది.

రాయచూరు, హైదరాబాదుల వైపు నుంచి

ఆ ఏళ్లలో మన దగ్గర ఇలాంటి రికార్డు రాకపోవడానికి కారణం ప్రతిభ కొరత కాదు. దేశంలో పళ్లేలు ఒత్తే పని ప్రధానంగా గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా చేతిలో, డమ్‌డమ్ కర్మాగారంలో ఉండేది. పెద్ద కంపెనీకి సినిమా పాటే బతుకుతెరువు. నలుగురు కుర్రాళ్లు అప్పు తెచ్చుకుని వెళ్లి వెయ్యి కాపీలు ఒత్తించుకునే వీలు, వాటిని అమ్మిపెట్టే దుకాణం, రాత్రి పూట వేసే రేడియో ఇక్కడ లేవు. బ్రిటన్‌లో ఈ మూడూ ఒకేసారి ఉన్నాయి, కాబట్టే అక్కడ జరిగింది.

అయినా ఆ తెగువ, ఆ క్లుప్తత మనకు పరాయివి కావు. 1956 నవంబర్ 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపించే రాయచూరు జిల్లా హరిదాసుల నేల. మాన్వి ప్రాంతంలోని చీకలపర్వి విజయదాసుది, బ్యాగవాట జగన్నాథదాసుది, మొసరకల్లు గోపాలదాసుది. ముగ్గురూ 18వ శతాబ్దంలో ప్రసిద్ధులు. దాసుల రచనల్లో ఉగాభోగం అనే ప్రక్రియ ఉంది. కొన్ని పాదాలే, తాళం కట్టుబాటు లేదు, పల్లవి చరణాల చట్రం లేదు, రాగం పాడేవాడి ఇష్టం. మాట ఎక్కడ అయిపోతే పాట అక్కడ ముగుస్తుంది. దీనికి ఎదురుగా సుళాది, ఒకే రచనలో అనేక తాళాలు మారుతూ నడిచేది, అందులో విజయదాసు మేటి. తంబూర, చిడతలు, కాళ్ల గజ్జెలతో వీధుల్లో తిరిగి పాడే దాసుడికీ లీడ్స్ విద్యార్థికీ ధ్వనిలో పోలిక వెతకడం వృథా. భక్తి ఒకరిది, మార్క్సిజం మరొకరిది. అయినా పాట పొడవు పోషకుడు కాక పాట చెప్పే విషయమే నిర్ణయించాలన్న పట్టుదల ఇద్దరిలోనూ ఉంది. రాయచూరు శ్రోత పింక్ ఫ్లాగ్ వింటే ఆ పొట్టి పాటల తీరు అతనికి అంత వింతగా తోచదని నా నమ్మకం.

కాలంలోనూ స్వభావంలోనూ ఇంకా దగ్గరిది హైదరాబాదు. 1965, 1966, 1968 సంవత్సరాల్లో దిగంబర కవులు ఆరుగురు మూడు సంపుటాలు తెచ్చారు. మొదటి దాన్ని రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వారాలకూ రుతువులకూ కొత్త పేర్లు పెట్టి సొంత పంచాంగం రాసుకున్నారు. పుస్తకం విడుదలను కూడా రచనలో భాగం చేయడం, మర్యాదను కావాలని గాయపరచడం, నాలుగేళ్లలో ముగించేయడం చూస్తే, లండన్ పంక్ కంటే పదేళ్ల ముందే తెలుగు కవిత్వంలో అలాంటి పేలుడు జరిగిందని చెప్పడానికి సంకోచం అక్కరలేదు. సంగీతంలో ఆ దారి 1970ల మొదట్లో బి. నర్సింగరావు ప్రారంభించిన ఆర్ట్ లవర్స్ బృందంతో మొదలైంది. అందులో చేరిన గుమ్మడి విఠల్‌రావు తర్వాత గద్దర్ అయ్యాడు. బృందం జననాట్య మండలి అయింది. గోచీ, గొంగడి, డప్పు, ఒక గొంతు చాలు, స్టూడియో అక్కరలేదు. ఆ పాటలు పళ్లేల మీద కాక చిన్న పుస్తకాల్లో, క్యాసెట్లలో చేతులు మారాయి. ఇంట్లోనే నకలు తీసుకోగల క్యాసెట్ వచ్చాక పెద్ద కంపెనీల అనుమతి అవసరం తప్పింది. ఇంగ్లండ్‌లో వెయ్యి కాపీల పళ్లెం చేసిన పనిని ఇక్కడ ఖాళీ టేపు చేసింది.

తర్వాతి జీవితం

1980ల మొదటికే ఆ తొలి ఊపు తగ్గింది. గార్ట్‌సైడ్ అనారోగ్యం నుంచి కోలుకున్నాక గ్రాంసీ గోలను తగ్గించి మెరిసే పాప్ పాటల వైపు తిరిగాడు, వాటిలోనూ ఆలోచన ఉంది. 1979లో స్పైరల్ స్క్రాచ్‌ను మళ్లీ విడుదల చేస్తే బ్రిటన్ జాబితాలో 31వ స్థానం దాకా వెళ్లింది. 1990ల్లో నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ అభిమానం వల్ల రెయిన్‌కోట్స్ రికార్డులు తిరిగి అచ్చయ్యాయి. గ్యాంగ్ ఆఫ్ ఫోర్ గిటారు పద్ధతి 2000ల తర్వాత వచ్చిన ఎన్నో బ్రిటిష్, అమెరికన్ బృందాల్లో నేరుగా వినిపిస్తుంది. ఆండీ గిల్ 2020 ఫిబ్రవరి 1న చనిపోయాడు.

కొత్తగా వినేవాళ్లు స్పైరల్ స్క్రాచ్‌తో మొదలుపెట్టి, డ్యామేజ్డ్ గూడ్స్, రెయిన్‌కోట్స్ తొలి రికార్డు, పారనాయిడ్ టైమ్ వరసలో వెళితే మంచిది. నాలుగూ కలిపి సుమారు అరగంటే. వీలైతే అట్టల వెనక రాసినవి కూడా సంపాదించి చదవాలి. ఈ రికార్డుల్లో పాటతో సమానంగా పనిచేసింది ఆ రాతే.